వారం ముందు పండిన గోధుమ

మనకు గోధుమ అంటే చలికాలపు పైరు. కార్తీకంలో విత్తి, ఎండలు ముదరకముందే కోసుకుంటాము. కెనడా పడమటి మైదానాలలో సంగతి తలకిందులు. అక్కడి చలికి పైరు సాధారణంగా బతకదు. మంచు కరిగి నేల ఆరాక ఏప్రిల్ ఆఖరులోనో, మే నెలలోనో విత్తాలి. సెప్టెంబరు వచ్చేసరికి మళ్ళీ మంచు కాటు పొంచి ఉంటుంది. ఈ నడిమి నాలుగు నెలలే రైతు చేతిలోవి.

1880ల తరువాత అక్కడ ఎక్కువమంది వేసినది రెడ్ ఫైఫ్ రకం. పిండి మేలైనది, రొట్టె బాగా పొంగేది. కాని ఆలస్యంగా పండేది. గింజ పాలు పట్టి గట్టిపడే వేళ ఒక్క రాత్రి మంచు కాటు తగిలిందా, గింజ ముడుచుకుపోయి తూకం తగ్గేది, పిండి రంగు చెడేది. పంట పోయినా అప్పు నిలిచే ఉండేది.

ఇక్కడ మన దేశం పేరు వస్తుంది. ఇండియా నుంచి వెళ్ళిన హార్డ్ రెడ్ కలకత్తా అనే గోధుమ ఒకటుంది. దిగుబడి తక్కువే గాని త్వరగా పండుతుంది. 1892లో బ్రిటిష్ కొలంబియాలోని అగాసిజ్ ప్రయోగక్షేత్రంలో పర్సీ సాండర్స్ దీనిని తల్లిగా, రెడ్ ఫైఫ్‌ను తండ్రిగా తీసుకొని సంకరం చేశారు. ఆ విత్తనం పదేళ్ళపాటు కలగాపులగంగానే ఉండిపోయింది.

1903లో పర్సీ అన్నగారు చార్లెస్ సాండర్స్ ఒట్టావా క్షేత్రంలో ధాన్యాల పని చేపట్టారు. రసాయనశాస్త్రం చదివి, సంగీత పాఠాలు చెప్పుకుంటూ ఉండిన మనిషి ఆయన! మంచి వెన్నులు ఏరి, దేని గింజలు దానికే వేరుగా విత్తారు. మరపట్టి చూద్దామంటే గింజ చాలదు. అందుకని నాలుగు గింజలు నోట వేసుకొని నమిలేవారు. పిండి కరిగిపోగా మిగిలే ముద్ద ఎంత సాగితే జిగురు అంత మేలన్నమాట. మీరూ నమిలి చూడండి, తెలుస్తుంది.

అలా తేలినదే మార్క్విస్. 1907లో 23 పౌన్లు, అంటే పదికిలోల పైచిలుకు విత్తనం, సస్కాచ్వాన్‌లోని ఇండియన్ హెడ్ క్షేత్రానికి పంపారు. రెడ్ ఫైఫ్ కంటే వారం ముందుగానే పండింది. గడ్డి పొట్టి, గట్టి. గాలికి అంతగా పడిపోదు. 1909లో రైతులకు అందింది. 1911లో సీగర్ వీలర్ అనే రైతు ఈ గోధుమతోనే న్యూయార్కు ప్రదర్శనలో వెయ్యి డాలర్ల బంగారం గెలుచుకున్నాడు. 1920 నాటికి ఆ మైదానాల గోధుమలో ఇంచుమించు నూటికి తొంభై పాళ్ళు మార్క్విసే.

అన్ని చేలల్లో ఒకే రకం ఉంటే తెగులుకు పండగే. 1916లో కాండానికి వచ్చే కుంకుమ తెగులు విరుచుకుపడింది. మార్క్విస్ దానికి తట్టుకోలేదు. 1930ల నడిమిన, ఈ తెగులును తట్టుకొనే థాచర్ రకం దాని చోటుకు వచ్చింది. ఆ థాచర్ వంశంలో తల్లి వైపునా తండ్రి వైపునా మార్క్విస్ ఉన్నది.