పాత ఫోను నుండి కొత్త ఫోనుకు

అనంతపురం మెట్టభూములలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఇచ్చటి వేరుసెనగ రైతునకు వానకబురు, మార్కెటు ధర, ఎండిన పంట ఫొటోలు, బెంగుళూరుకు పనికి పోయిన కొడుకు నంబరు, అన్నియు ఫోనులోనే ఉన్నవి. ఫోను మార్చునప్పుడు అవి పోయినచో మరల కొనుటకు దొరకునవి కావు.

ఈ చిక్కు కొత్తది కాదు. తాటియాకులను పురుగులు తినును. అందుచేతనే 19వ శతాబ్దపు పూర్వార్ధమున కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను పండితులను నియమించి, తాళపత్ర గ్రంథములకు కాగితముపై ప్రతులు వ్రాయించెను. ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూపించెను. ఆకు పోయినను పద్యము మిగిలినది.

ఫోనులో ఆ పనికి తొలి సాధనము సిమ్ కార్డు. ఇది 1991లో జర్మనీలో తయారై ఫిన్లండులో వాడుకలోనికి వచ్చినది. తరువాతి కార్డులలో సుమారు 250 పేర్లు పట్టెడివి, ఫొటోలు పట్టవు. అదే సంవత్సరము వెలువడిన యూనికోడు తెలుగు అక్షరములకు స్థిరమైన సంఖ్యలను ఇచ్చినది. ఆ సంఖ్యలే లేకున్న, ఒక ఫోనులో వ్రాసిన తెలుగు వేరొక ఫోనులో గజిబిజి గుర్తులగును. 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చిన పిమ్మట, పేర్లు దూరపు కంప్యూటరులోని ఖాతాలో నిలువయుండి కొత్త ఫోనులోనికి దిగుచున్నవి.

అయినను అన్నియు రావు. బ్యాంకు యాప్ రహస్య సంకేతములు పాత పరికరమునకే కట్టుబడియుండును. భద్రతకై కొత్త ఫోనులో మరల నమోదు చేసికొనవలెను. వాట్సాప్ సంభాషణలకు ప్రతిని వేరుగా తీసికొనవలెను. కావున బ్రౌను పండితుల పద్ధతియే మేలు: కొత్త ప్రతిని సరిచూచిన పిదపనే పాతదానిని చెరిపివేయవలెను.