పందుంపుల్ల నుంచి పేస్టు దాకా

బల్మూరు పక్కన నల్లమల మొదలయ్యే చోట పుట్టిన మనకు పండ్లు తోముకోవడం ఎవరూ బడిలో నేర్పలేదు. తెల్లారితే తాత వెంట నడిచేవాళ్లం. వేప, కానుగ, ఏ కొమ్మ అందితే అది విరిచి, కొస నమిలి కుంచె చేసి తోమేవాళ్లం. ఆఖరున పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకునేవాళ్లం. చిగుళ్లు వాస్తే ఉత్తరేణి వేరు, పండ్లు కదిలితే తుమ్మపుల్ల. పొడి కావాలంటే కచ్చిక, లేదా ఉప్పు కలిపిన బొగ్గు.

1940లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు చెంచుల మధ్య ఉండి, 1943లో వారి గురించి పుస్తకం అచ్చువేశాడు. అప్పటి మనవాళ్ల తిండి ఎక్కువగా అడవి గడ్డలు, పండ్లు. చక్కెర, బిస్కెట్ తర్వాత వచ్చాయి. పుచ్చుపండ్లకు పెద్ద కారణం చక్కెరే కాబట్టి, తాతల పండ్లు బాగున్నాయంటే ఆ గొప్ప ఒక్క పుల్లదే కాదు.

ఇక మరకల సంగతి. తాంబూలం, చుట్ట వల్ల పట్టిన పైపై గారను పుల్ల పీచు కొంత వదిలిస్తుంది. కరక్కాయ వగరు చిగుళ్లను బిగిస్తుందంటారు గానీ పండ్లను తెల్లగా చేయదు. తోలు పదును పెట్టేదీ ఆ వగరే, అది తనే మరక పట్టిస్తుంది!

1937లో రెండు సంగతులు జరిగాయి. కోల్గేట్ కంపెనీ మన దేశంలో నమోదైంది. అదే ఏడు, అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి వైపు ఊళ్లలో నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు లోకానికి తెలిపారు. మన పొరుగు నల్గొండ కథ అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు, పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే మరక పింగాణీ పొర లోపలే ఏర్పడుతుంది. పుల్ల అక్కడికి చేరదు.

ఇది తెలియకే మా గూడెంలో ఒక తమ్ముడు పెళ్లిచూపుల ముందు ఉప్పు, నిమ్మరసం, ఇటుకపొడితో నెలరోజులు రుద్దాడు. మరక పోలేదు, పైపొర అరిగింది. ఇప్పుడు చల్లటి నీళ్లు తాగినా జివ్వుమంటుందట. బొగ్గు అయినా గట్టిగా రుద్దితే అంతే. అలాంటి మరకకు దంతవైద్యుడే దారి.

ఉత్తరేణి వేరు ఎప్పుడు తవ్వాలో చెప్పగలిగిన అవ్వ మా పెంటలో ఇప్పుడు ఒక్కతే ఉంది. పోయిన వారం నుంచి ఆమె మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నాం.