తెల్ల రక్తకణాలు

శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవులను పసిగట్టి నాశనం చేయడం ప్రధాన విధిగా గల రక్తకణాలను తెల్ల రక్తకణాలు అంటారు. ఎముకల మూలుగలో పుట్టే ఈ కణాలు ఆరోగ్యవంతులైన పెద్దవారిలో మైక్రోలీటరు రక్తానికి సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉంటాయి. సాధారణంగా వీటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్‌లే. తక్కినవి లింఫోసైట్‌లు, మోనోసైట్‌లు, ఇయోసినోఫిల్‌లు, బేసోఫిల్‌లు.

ఈ రక్షణ విధిని వెలుగులోకి తెచ్చిన జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సినాలో, పారదర్శకమైన నక్షత్రచేప లార్వాల్లో గులాబీ ముళ్లు గుచ్చి, మర్నాటికల్లా సంచార కణాలు వాటి చుట్టూ మూగి ఉండడం సూక్ష్మదర్శినిలో చూశారు. వాపు కేవలం రోగలక్షణం కాదని, అది శరీరం చేసుకునే ఆత్మరక్షణ అని ఆయన దీన్నిబట్టి వాదించారు. వైద్యశాస్త్రపు చూపునే మళ్లించిన ఈ కృషికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

చర్మం తెగి బాక్టీరియా లోపలికి చేరగానే, కణజాలంలో కాపు ఉండే మాక్రోఫేజ్‌లు వాటిని గుర్తించి, సైటోకైన్‌లనే సంకేత ప్రోటీన్‌లను విడుదల చేస్తాయి. అక్కడి రక్తనాళాలు వెడల్పయి, వాటి గోడల్లోంచి ద్రవం ఊరడం వల్లనే గాయం ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. రక్తంలోని న్యూట్రోఫిల్‌లు నాళపు గోడను అంటిపెట్టుకుని, సందుల్లోంచి దూరి గాయాన్ని చేరి, బాక్టీరియాను మింగి ఎంజైములతోనూ చురుకైన ఆక్సిజన్ సమ్మేళనాలతోనూ చంపుతాయి. దీనికే కణభక్షణ అని పేరు. ఈ పనిలో అవీ పెద్ద సంఖ్యలో చనిపోతాయి. చీములో అధికభాగం వాటి అవశేషాలే. కొన్ని సైటోకైన్‌ల ప్రభావం మెదడులోని హైపోథాలమస్‌కు చేరినప్పుడు జ్వరం వస్తుంది.

ఈలోగా డెండ్రిటిక్ కణాలు సూక్ష్మజీవి శకలాలను దగ్గరి శోషరస గ్రంథులకు చేరవేయగా, అక్కడ ఆ శకలానికి సరిపోలే లింఫోసైట్‌లు మాత్రమే ఎంపికై వేగంగా వృద్ధి చెందుతాయి. కాలి పుండుకు గజ్జల్లో బిళ్ల కట్టడానికి ఒక కారణం ఇదే. వీటిలో బి కణాలు యాంటీబాడీలను తయారుచేసే కణాలుగా మారితే, టి కణాల్లో కొన్ని వైరస్ సోకిన కణాలను చంపుతాయి, మరికొన్ని తక్కిన కణాల పనిని నడిపిస్తాయి. ఇందుకు కొన్ని రోజులు పడుతుంది. అయితే జ్ఞాపక కణాలు మిగిలిపోవడం వల్ల, తట్టు ఒకసారి సోకినవారికి సాధారణంగా మళ్లీ రాదు. టీకాలు పనిచేసేదీ ఈ ఆధారంపైనే.

వాపు, చీము ఈ కణాల పనికి ఆనవాళ్లు కనుక, కణాలే కొరవడితే అవి కనిపించకపోవచ్చు. కీమోథెరపీ వల్ల న్యూట్రోఫిల్‌లు మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గినవారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు సైతం తరచు జ్వరమొక్కటే గుర్తు. అటువంటివారికి ఒళ్లు కాలితే తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.