వెండి సామ్రాజ్యానికి పాదరసం పోసిన ఊరు

స్పెయిన్ వెండి కథ చెప్పమంటే ఎవరైనా పొటోసీ వెండి కొండతోనే మొదలుపెడతారు. ఆండీస్ శిఖరాలు, మెక్సికో గనులు, అట్లాంటిక్ మీద బారులు తీరిన ఓడలు, వాటి వెంటపడే సముద్రపు దొంగలు. సినిమాకు కావలసిన సరుకంతా అందులో ఉంది. అదే కాలంలో స్పెయిన్ నుంచి అమెరికాకు ఎదురుగా వెళ్లిన ఓడల్లో ఏముండేదో చాలామంది పట్టించుకోరు. వాటిలో ఉండేది పాదరసం. అది లేకపోతే ఆ వెండిలో చాలా భాగం రాయిలోనే ఉండిపోయేది.

ఆ పాదరసం బయలుదేరిన ఊరు అల్మాదెన్. మాడ్రిడ్‌కు నైరుతి దిక్కున, సియుదాద్ రియాల్ ప్రాంతానికి పడమటి అంచున, సుమారు ఐదు వేల జనం ఉన్న చిన్న ఊరు. రోమన్ల నాటి నుంచి లెక్క వేస్తే మనిషి ఇప్పటిదాకా వాడిన పాదరసంలో దాదాపు మూడో వంతు ఈ ఊరి కింది నుంచే వచ్చింది. సుమారు రెండున్నర లక్షల టన్నులు. 2012లో యునెస్కో దీన్ని స్లొవేనియాలోని ఇద్రియా గని పట్టణంతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడి నేల రెండుసార్లు ఉడికింది. మొదటిసారి సుమారు 43 కోట్ల ఏళ్ల కిందట, ఈ ప్రాంతమంతా సముద్రం అడుగున ఉన్నప్పుడు. అగ్నిపర్వతాల వేడితో పైకి తన్నుకొచ్చిన పాదరసం గంధకంతో కలిసి ఇసుకరాయిలోకి ఇంకింది. అదే ఇంగిలీకం, ఎర్రటి ముడి ఖనిజం. అల్మాదెన్‌లో అది ఎంత చిక్కగా పట్టిందంటే, కొన్నిచోట్ల రాయి పగులులోంచి పాదరసం చుక్కలు చుక్కలుగా దానంతటదే కారేది.

రెండో ఉడుకు మొన్నమొన్నటిది. అంటే భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో మొన్న. తూర్పున కాంపో దె కలాత్రావా అనే మైదానంలో 300కు పైగా అగ్నిపర్వత బిలాలు ఉన్నాయి. మొదటివి ఎనభై లక్షల ఏళ్ల కిందటి కంటే ముందువి, చివరివి కొన్ని వేల ఏళ్ల కిందటివి. ఫొటోల్లో చూసే మొనదేలిన శిఖరాన్ని ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి చప్పిడి గుట్టలూ, గుండ్రటి పల్లపు గుంటలూ. లావా నేలలోని నీటిని తాకి ఒక్కసారిగా పేలితే మిగిలిన గుంటలవి. వానలు పడితే చెరువులవుతాయి, వేసవికి బీటలు వారతాయి. అల్మాగ్రో దగ్గరి ఓయా దె సెర్వేరా అలాంటిదే. అగ్నిపర్వతం లోపల ఎలా ఉంటుందో చూడాలంటే గ్రానాతులా పక్కనున్న సెర్రో గోర్దోకు వెళ్లాలి. రాతి క్వారీ ఆ గుట్టను నిలువునా కోసేసింది. పుణ్యానికి కోయలేదు గానీ, ఆ కోతలో నల్ల బూడిద మీద ఎర్ర చిట్టెపు పొర, దాని మీద మళ్లీ నలుపు, ఒక్కో పేలుడు ఒక్కో చారగా కనిపిస్తుంది. ప్వెర్తోయానో ఊళ్లో ఇనుప రుచితో పుల్లగా ఉండే ఊట నీళ్లకు ఇప్పటికీ జనం సీసాలు పట్టుకుని వస్తారు. ఆ పులుపు కూడా కింది నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువుదే.

ఈ రెండు నేలలూ కలిసే చోటే రోమన్ల సిసాపో ఉంది. లా బియెన్వెనీదా అనే పల్లె దగ్గర, చిన్న అగ్నిపర్వత గుట్టల మధ్య దాని శిథిలాలు తవ్వారు. రోమన్లకు పాదరసం కంటే ఇంగిలీకం ఎరుపు మీదే మోజు. గోడల మీద బొమ్మలకు ఆ రంగే కావాలి. ఇక్కడి ఖనిజాన్ని ముద్రలు వేసి రోముకు తీసుకెళ్లి అక్కడే శుద్ధి చేసేవారని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. రంగు ధర పౌనుకు 70 సెస్టర్సులు దాటకూడదని చట్టం ఉండేదట. దుమ్ము పీల్చకుండా పనివాళ్లు ముఖానికి పల్చటి పశువుల మూత్రాశయపు తిత్తులు కట్టుకునేవారని కూడా ఆయనే రాశాడు. ఈ ధూళి మనిషిని తినేస్తుందని రెండు వేల ఏళ్ల కిందటే తెలుసన్నమాట. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం.

ఇక ఈ నేల మీది కోటలు. 1158లో కస్తీల్ రాజు మూడో సాంచోకు ఓ చిక్కు వచ్చింది. అండలూసియా దారిలోని కలాత్రావా కోటను కాయడం మావల్ల కాదని టెంప్లర్ వీరులు చేతులెత్తేశారు. అప్పుడు ఫితేరో మఠాధిపతి రైముందో ముందుకొచ్చి దాన్ని తీసుకున్నాడు. జపమాలతో పాటు కత్తి కూడా పట్టిన ఆ సన్యాసుల దండే కలాత్రావా సంఘం. 1195లో అలార్కోస్ యుద్ధంలో ఓడి కోట పోగొట్టుకున్నారు. కొండ మీది సాల్వాతియెర్రాను పట్టుకున్నారు, 1211లో అదీ పోయింది. మరుసటి ఏడాది జులైలో నావాస్ దె తొలోసా యుద్ధం గెలిచాక, సాల్వాతియెర్రాకు ఎదురుగా ఉన్న కొండ మీద కొత్త కోట మొదలుపెట్టారు. అదే కలాత్రావా లా నువేవా. ఆ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల చేతే రాళ్లు మోయించారు.

ఇప్పుడు ఆ కొండకు కారు వెళుతుంది, కానీ దారంతా పరిచిన ఎగుడుదిగుడు రాళ్ల మీద టైర్లు మూలుగుతాయి. గోడల్లో కొండరాయి మధ్య నల్ల అగ్నిశిలలు కనిపిస్తాయి. చర్చి ముఖద్వారం పైన పెద్ద గుండ్రటి కిటికీ, లోపల మూడు నడవలు, పైన ఇటుక కప్పు. కోట అన్నాక మధ్యలో మఠం, చుట్టూ ప్రాకారం, ఎదుటి కొండ మీద సాల్వాతియెర్రా శిథిలం, దిగువన పొలాలు. ఫొటోకు ఇంతకంటే ఏం కావాలి? టూరిస్టు బ్రోషర్లన్నీ దీన్నే అట్టమీద వేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. నాకైతే ఈ కోట కంటే దాని ఖాతా పుస్తకం ఎక్కువ ఆసక్తి. 1168లోనే అల్మాదెన్ గనిలో సగం వాటా ఈ సంఘానికి దక్కింది. కత్తికి పదును పెట్టినది ఎవరి డబ్బో అక్కడ తెలుస్తుంది.

పదిహేనో శతాబ్దం చివరికి సంఘం పెత్తనం స్పెయిన్ రాజదంపతుల చేతికి వచ్చింది. వాళ్ల మనవడు చార్లెస్ 1519లో పవిత్ర రోమన్ చక్రవర్తిగా ఎన్నిక కావడానికి ఓట్లు కొనాల్సి వచ్చింది. అప్పిచ్చినవాడు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ షావుకారు యాకోబ్ ఫుగ్గర్. ఆ బాకీ కింద 1525లో కలాత్రావా లాంటి సంఘాల భూములు, వాటితో పాటు అల్మాదెన్ గని ఫుగ్గర్ల గుత్తకు వెళ్లాయి. 1645 దాకా, అంటే 120 ఏళ్ల పాటు, అడపాదడపా తప్ప వాళ్లే నడిపారు. అల్మాగ్రోలో వాళ్ల గోదాము భవనం ఇప్పటికీ ఉంది. లోపలి ముంగిలి చూస్తే ఏ జమీందారు ఇల్లో అనుకుంటాం.

గుత్త మొదట్లో పాదరసానికి అంత గిరాకీ లేదు. గిరాకీ 1555లో మెక్సికోలోని పచూకాలో పుట్టింది. సెవిల్ వ్యాపారి బార్తొలొమే దె మెదీనా అక్కడ ఒక పద్ధతి సాధించాడు. వెండి రాయిని పొడికొట్టి, విశాలమైన ముంగిట్లో బురదలా పరిచి, ఉప్పు, రాగి సల్ఫేటు, పాదరసం కలిపి తొక్కించాలి. వారాలు గడిచాక పాదరసం వెండిని పట్టేస్తుంది. కడిగి, కాలిస్తే పాదరసం ఆవిరై వెండి మిగులుతుంది. కట్టెలు తక్కువున్న చోట, నాసిరకం ఖనిజానికి ఇది వరం. పెరూలో హువాంకావెలికా గని దొరకడంతో పొటోసీకి అక్కడి పాదరసం వెళ్లింది. మెక్సికో మాత్రం అల్మాదెన్ మీదే ఆధారపడింది. రాజుగారు పాదరసం అమ్మకాన్ని గుత్తాధిపత్యంగా తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఏ గని ఎంత పాదరసం కొన్నదో లెక్క ఉంటే, ఎంత వెండి తీసి ఎంత దాచిందో ఊహించవచ్చు. పన్ను ఎగవేతను పట్టడానికి ఇంతకంటే చవకైన గూఢచారి లేడు.

ఒక లీటరు పాదరసం పదమూడున్నర కిలోలు తూగుతుంది. ఇనుప సీసాలు రాకముందు దాన్ని గొర్రె తోలు సంచుల్లో కట్టి, బండ్ల మీద, కంచరగాడిదల మీద సెవిల్‌కు చేర్చేవారు. అక్కడి నుంచి ఓడలు. 1724లో గ్వాదలూపే, తొలోసా అనే రెండు ఓడలు ఇప్పటి డొమినికన్ రిపబ్లిక్ తీరంలో తుపానుకు మునిగినప్పుడు వాటిలో 400 టన్నుల పాదరసం పోయింది.

తవ్వినవాళ్ల సంగతి ఇప్పుడు చూద్దాం. కూలీలు చాలక 1566 నుంచి రాజు ఓడల్లో తెడ్డు వేయాల్సిన ఖైదీలను గనికి పంపడం మొదలుపెట్టాడు. బానిసలనూ కొన్నారు. నీళ్లు తోడడం, రాయి మోయడం, కొలిమి దగ్గర పని వాళ్లవి. 1593లో ఖైదీల స్థితిగతుల మీద రహస్య విచారణకు ఒక అధికారిని పంపారు. ఆయన పేరు మాతేవో అలెమాన్. ఆరేళ్ల తర్వాత ‘గుస్మాన్ దె అల్ఫరాచే’ నవలతో స్పెయిన్ అంతటా పేరు పొందిన రచయిత ఈయనే. ఖైదీలు ఒక్కొక్కరే వచ్చి వాంగ్మూలం ఇచ్చారు. కొలిమి ఇంకా చల్లారకముందే కుండలు తీయడానికి లోపలికి తోసేవారని, ఆవిరి పీల్చినవాళ్లకు ఒళ్లంతా వణుకు పట్టుకునేదని, మతి చలించి చచ్చిపోయేవారని చెప్పారు. నవలలో గుస్మాన్ కూడా చివరికి ఓడ ఖైదీ అవుతాడు. అల్మాదెన్‌లో విన్నది రచయిత చెవిలో ఎంతకాలం మోగిందో మరి.

కొలిమి కూడా మారింది. హువాంకావెలికాలో పుట్టిన ఒక పద్ధతిని 1646లో బుస్తమాంతే అనే అధికారి అల్మాదెన్‌కు తెచ్చాడు. రెండు వైపులా తెరిచి ఉన్న మట్టి కుండలను ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, వాలు మీద వరసలు వరసలుగా పరుస్తారు. కొలిమిలోంచి వచ్చే ఆవిరి ఆ మట్టి గొట్టం వెంట పోతూ చల్లారి పాదరసమై అడుగున చేరుతుంది. 1928 దాకా ఇవే వాడారు. ఒక జత ఇప్పటికీ నిలిచి ఉంది. కుండల అతుకులు బూడిద మట్టితో పూసేవారు కాబట్టి ఎక్కడో ఓ చోట ఆవిరి తప్పించుకునేది. అది ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో చెప్పనక్కర్లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఊరికి కొత్త కట్టడాలు వచ్చాయి. మొదట జైలు. దాని కింది నుంచి గనిలోకి నేరుగా సొరంగం తవ్వారు. ఖైదీ వెలుతురు చూడకుండానే పనికి దిగేవాడు. జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. సొరంగం మాత్రం గని సందర్శనలో చూపిస్తారు. 1752లో ఎద్దుల పోరుకు ఆరు మూలల బరి కట్టడం మొదలుపెట్టారు. దాని చుట్టూ ఇళ్లు. బరి రాబడి, ఇళ్ల అద్దె గని కార్మికుల ఆసుపత్రికి వెళ్లాలన్నది ఆలోచన. 1755లో గనికి నిప్పంటుకుని రెండేళ్లకు పైగా మండింది. అదే ఏడాది మొదలైన సాన్ రఫాయెల్ ఆసుపత్రి 1773కి పూర్తయింది. ఇప్పుడది మ్యూజియం.

మొత్తం యాత్రలో ఒక్కచోటే తీరిగ్గా గడిపే వీలుంటే అది ఈ ఆసుపత్రే. గని వైద్యుడు హోసే పారేస్ యి ఫ్రాంకెస్ దశాబ్దాల పాటు ఇక్కడి రోగులను చూసి 1778లో పాదరస రోగాల మీద పెద్ద గ్రంథం రాశాడు. చిగుళ్లు వాయడం, చొంగ కారడం, పళ్లు రాలడం, చెంచా నోటిదాకా తీసుకెళ్లలేని వణుకు, అన్నీ అందులో ఉన్నాయి. స్వేచ్ఛ ఉన్న కూలీ కొన్నాళ్లు గనిలో, కొన్నాళ్లు పొలంలో పనిచేసి ఎండకు, గాలికి కొంత తేరుకునేవాడు. ఖైదీకి పొలం లేదు. ఒకే విషం, ఒకే సొరంగం, మనుషుల్లో మాత్రం తేడా. ఖైదీల చాకిరీ 1800 ప్రాంతంలో గానీ ఆగలేదు.

మరో వైపు 1777లో ఇక్కడే గనుల అకాడమీ పెట్టారు, స్పెయిన్‌లో మొదటిది. ఇక్కడ చదివిన ఆంద్రేస్ మనువేల్ దెల్ రియో 1801లో మెక్సికోలో వనేడియం కనుక్కున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో పాదరసం అమ్మకం రాత్‌షీల్డ్ బ్యాంకర్ల చేతికి వెళ్లింది. షావుకారు మారాడు, అంతే.

స్పెయిన్ అంతర్యుద్ధంలో గని రిపబ్లిక్ ప్రభుత్వం చేతిలో ఉండేది, తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సైన్యం దాని కోసం దండెత్తింది. 1937 పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ మండపానికి అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ పాదరసం పారే ఫౌంటెన్ చేసింది అందుకే. దాని పక్కనే పికాసో ‘గెర్నికా’. జనం అందులో నాణేలు విసిరి, అవి మునగకుండా తేలుతుంటే చూసి మురిసిపోయారట. ఆ ఫౌంటెన్ ఇప్పుడు బార్సిలోనాలోని మీరో మ్యూజియంలో అద్దాల గది లోపల ఉంది.

అల్మాదెన్‌లో తవ్వకం ఈ శతాబ్దం మొదట్లో ఆగిపోయింది. 2011లో యూరోపియన్ యూనియన్ పాదరసం ఎగుమతినే నిషేధించింది. గని అడుగు దాదాపు 700 మీటర్ల లోతున ఉంది. 2008లో తెరిచిన మైనింగ్ పార్కు సందర్శకులను 50 మీటర్ల దాకా ఇనుప పంజరం లిఫ్టులో దించుతుంది. కంచరగాడిదలు చుట్టూ తిరిగి రాయిని పైకి లాగిన గుండ్రటి గది కింద చూడవచ్చు. తిరిగి పైకి చిన్న గని రైలు. గోదాములో ఇనుప సీసా ఒకటి ఎత్తి చూడమంటారు. పట్టేది రెండున్నర లీటర్లే, నిండితే లోపలి పాదరసమే 34.5 కిలోలు.

వెళ్లేవారికి ఒక సలహా. మాడ్రిడ్–సెవిల్ హైస్పీడ్ రైలు ప్వెర్తోయానోలో ఆగుతుంది. అక్కడ కారు తీసుకుంటే పడమర అల్మాదెన్, తూర్పు కోటలూ అగ్నిపర్వతాలూ. బ్రోషర్లు కోటను ముందు పెడతాయి. మీరు గనీ, ఆసుపత్రీ ముందు చూసి, తర్వాత కొండెక్కండి. రాత్రి బసకు అల్మాగ్రో మేలు. జులైలో అక్కడ పదిహేడో శతాబ్దపు చెక్క నాటకశాలలో నాటకోత్సవం జరుగుతుంది, ఎండ మాత్రం మన రెంటచింతల ఎండే. చిన్న వంకాయలను తొడిమతో సహా వెనిగర్, వెల్లుల్లి, జీలకర్రలో ఊరబెట్టి, మధ్యలో ఎర్ర మిరప ముక్క దూర్చి సోంపు పుల్లతో గుచ్చిన ఊరగాయ ఆ ఊరి ప్రత్యేకత. అన్నం మాత్రం అడక్కండి, రొట్టెతోనే తినాలి.