బడి గంట కొట్టాక...

మా ఆఫీసులో పిల్లలున్నవాళ్ళు నలుగురు కలిస్తే మాట్లాడుకునేది ఆఫ్టర్ స్కూల్ కేర్ గురించే. ఫీజెంత, హోంవర్క్ చేయిస్తారా, ఆడిస్తారా అని. వింటుంటే నాకు మా కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు సాయంత్రాలు గుర్తొస్తాయి. అక్కడ బడి విడిచాక పిల్లలేం చేస్తారన్నదానికీ ఒక చరిత్ర ఉంది. అది మొదలయ్యేది బీడీల చాట దగ్గర.

మగవాళ్ళు గల్ఫ్‌కి పోతే చాలా ఇళ్ళు నడిపింది బీడీలే. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. ఎన్ని చేతులుంటే అంత లాభం. అమ్మ తునికాకు కత్తిరించి చుడుతుంటే, బడినుంచొచ్చిన ఆడపిల్ల కొసలు మడిచి, కట్టలు కట్టేది. అమ్మ పక్కనే ఉంది కదా, పిల్ల భద్రంగా ఉన్నట్టే లెక్క! పొగాకు దుమ్ము సంగతీ, రాయని హోంవర్క్ సంగతీ ఎవరికీ పట్టలేదు.

మరి చట్టాలో? 1966 నాటి బీడీ కార్మికుల చట్టం 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఖార్ఖానాల్లో పెట్టుకోవద్దంది. 1986 బాలకార్మిక చట్టం బీడీల తయారీని నిషేధించిన పనుల్లో చేర్చింది కానీ, కుటుంబంతో కలిసి చేసే పనిని వదిలేసింది. కామారెడ్డి జిల్లా అయిన 2016లోనే ఆ చట్టాన్ని సవరించి 14 ఏళ్ళలోపు వాళ్ళకి అన్ని పనులూ నిషేధించారు. ప్రమాదం లేని ఇంటి పనైతే మాత్రం బడి వేళల తర్వాత సాయం చెయ్యొచ్చన్నారు. యాభై ఏళ్ళు గడిచినా సాయంత్రం నాలుగు దాటితే పిల్లల బాధ్యత ఇంటిదే!

సర్కారు దగ్గరున్న ఇంకో జవాబు హాస్టలు. 1971లో సర్వేలులో మొదలైన గురుకులాల వల్ల ఎందరో బాగుపడ్డారు, కాదనను. కానీ చదువుకోవాలంటే ఇల్లు వదలాల్సిందేనా? ఇంటిదగ్గరుండే పిల్లలకి సర్కారు బళ్ళో సాయంత్రం క్లాసులు పెట్టేది ముఖ్యంగా పదో తరగతిలో, పరీక్షల ముందు. రెండో తరగతిలోనే కూడికలు రాక వెనకబడిన పిల్లకి అప్పటికి ఆలస్యమైపోతుంది.

తమిళనాడులో కోవిడ్ తర్వాత, 2021లో, 'ఇల్లం తేడి కల్వి' పేరుతో ఊళ్ళోనే వాలంటీర్లతో రోజూ సాయంత్రం గంట, గంటన్నర చదివించారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. బళ్ళు తెరిచిన ఆరు నెలల్లో పల్లె పిల్లలు పోగొట్టుకున్న చదువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందనీ, అందులో దాదాపు పావు వంతు ఈ క్లాసుల పుణ్యమేననీ కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, మారిసియో రొమేరోల అధ్యయనం తేల్చింది.

డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు మావైపూ ఉన్నారు. సాయంత్రమైతే తాళం పడే బడి గదులూ ఉన్నాయి. ఈ రెంటినీ కలపడానికి ఇంకో చట్టం కావాలా? మీరేమంటారు?