తుంటికీలు కథ



ఏతము త్రొక్కిన చేతులకును కాళ్లకును నేను చెప్పబోవు సంగతి కొంత తెలిసియే యుండును. దూలమున ఒక కొమ్ము పొడుగు, రెండవది పొట్టి యైనచో, పొట్టికొమ్మున నున్నవానికి శ్రమ హెచ్చు. మన తుంటికీలును అట్టిదే. ఒంటికాలిపై నిలిచినపుడు దేహభారము కీలునకు లోపలివైపున దూరముగా పడును; దానిని నిలుపు కండరము వెలుపలివైపున దగ్గరగా లాగును. ఈ రెండును కీలుమీదనే చేరుటచే దేహభారమునకు రెండున్నర, మూడు రెట్ల ఒత్తిడి దానికి కలుగును. కండరములిట్లు పొట్టికొమ్మున పనిచేయుచున్నవని లెక్కకట్టి చూపినవాడు ఇటలీ దేశీయుడగు బొరెల్లి. ఆయన గతించిన పిదప 1680-81లో ఆ గ్రంథము వెలువడినది. తుంటినొప్పి గలవారు చేతికఱ్ఱను నొప్పిలేని వైపు చేత పట్టవలెననుటకు కారణ మిదియే. మనలో పలువురు నొప్పివైపుననే పట్టుదురు!

ఇంత మోయు కీలు అరిగినచో దేనితో బాగుచేయుట? 1890లో బెర్లినున గ్లుక్ అను వైద్యుడు ఏనుగుదంతముతో మోకాటికీలు చేసి అమర్చెను. చీముపట్టి ఆ ప్రయత్నములు చెడెను. 1946లో పారిసున జూడే సోదరులు ఆక్రిలిక్ గుండును తుంటియెముకకు తొడిగిరి. అట్టి గుండు గల యొకడు భోజనపు బల్లపై వంగినప్పుడెల్ల కీలు కీచుమనెడిదట. భార్య ఆ చప్పుడు భరింపలేకపోయెనట.

ఆ కీచుమోతను ఆలకించి ఆలోచించినవాడు ఇంగ్లండున జాన్ ఛార్న్లీ. ఒరపిడి తగ్గవలెనని ఆయన చిన్న ఉక్కుగుండును, నున్నని టెఫ్లాన్ గిన్నెను కూర్చెను. 1958 మొదలు సుమారు మూడువందల మందికి అమర్చెను. కుంటివారు నడచిరి. కొలది యేండ్లలో గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టును మాంసమును చెఱచెను. ఆ పదార్థమును తన తొడలోనే పెట్టుకొని ఛార్న్లీ దాని కీడును పరీక్షించెను. రోగులకు తిరిగి శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. ఆ దినములు ఆయనకెట్లు గడచెనో ఊహింపుడు.

1962లో మగ్గముల చక్రములకు వాడు గట్టి పాలిథీన్ ముక్కను ఒక వర్తకుడు తెచ్చెను. ఛార్న్లీ గోటితో గీచి చూచి, పనికిరాదనెను. ఆయన సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రము దానిని అరుగుదల యంత్రమున బిగించి రేయింబవళ్లు త్రిప్పెను. టెఫ్లాన్ ఒక్క దినమున అరిగినంతయు అది మూడువారములకును అరుగలేదు! నాకు ఈ కథలో మిక్కిలి ప్రియమైనవాడు ఈ క్రేవెనే. ఆ నవంబరులోనే పాలిథీన్ గిన్నె మనుష్యుని దేహమున చేరెను.

ఛార్న్లీ తరువాత తన రోగులను ఒక కోర్కె కోరెడివాడు: మరణానంతరము ఆ కీలును పరీక్షకై తిరిగి ఇమ్మని. పెక్కురు సమ్మతించిరి.