చిరునామా పట్టికలో కనబడని పేర్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వర్డ్‌లో మెయిల్ మర్జ్ ద్వారా లేఖలు సిద్ధం చేసేటప్పుడు పట్టికలోని కొన్ని పేర్లు రాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చిరునామాల ఆధారంగా ఈ లోపానికి పరిపాలన, వర్ణక్రమ, లిపి చరిత్రలతో గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెయిల్ మర్జ్, చిరునామా, వర్ణక్రమం, యూనికోడ్, జిల్లాల పునర్విభజన.

1. ఉపోద్ఘాతం:
ఒక లేఖా నమూనాను, ఒక చిరునామా పట్టికను కలిపి ఎవరి లేఖ వారికి తయారుచేసే పద్ధతి మెయిల్ మర్జ్. వడపోతలో జిల్లా ‘జగిత్యాల’కు సమానం కావాలని షరతు పెడితే, ఆ మాటతో సరిపోలని వరుసలన్నీ తప్పుకుంటాయి. దోషసూచన ఏదీ రాదు. సదస్సు ఆహ్వానమో మౌఖిక పరీక్ష సమాచారమో అందనివారికి తమ పేరు జాబితాలో ఉన్నదని తెలియదు; అది చేరలేదని పంపినవారికీ తెలియదు.

2. జిల్లాల పునర్విభజన:
నిజాం కాలపు ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2014 జూన్ 2న చిరునామాలో రాష్ట్రం పేరు, 2016 అక్టోబర్ 11న జిల్లా పేరు మారాయి. అంతకుముందు తయారైన పట్టికల్లో ఈ మూడు పట్టణాలకూ జిల్లా కరీంనగరే. తరువాత జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి చేరాయి. పాత, కొత్త పట్టికలను కలిపి కొత్త జిల్లా పేరుతో వడపోస్తే పాత వరుసలు రావు.

3. వర్ణక్రమ భేదాలు:
తెలుగులో జగిత్యాల అని స్థిరపడిన పేరు ఆంగ్ల లిపిలో జగ్తియాల్, జగిత్యాల్ అని రెండు తీరుల కనిపిస్తుంది. సిరిసిల్ల సిర్సిల్ల అవుతుంది. కోరుట్ల పట్టణం పేరున్న శాసనసభ నియోజకవర్గం ఆంగ్లంలో కోరట్లగా నమోదైంది. మనిషి వీటిని ఒకే ఊరుగా గుర్తిస్తాడు, వడపోత గుర్తించదు.

4. లిపి సంకేతాలు:
1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఖతులు చాలాకాలం కొనసాగాయి. వాటిలో తెలుగు రూపాల వెనుక ఉండేవి ఇతర సంకేతాలు. అందువల్ల కంటికి ఒకటిగా కనిపించే ‘కోరుట్ల’ రెండు పట్టికల్లో రెండు వేర్వేరు సంకేతవరుసలు కావచ్చు. యూనికోడ్‌లో కూడా చివరి ఖాళీ, కనబడని సంధాన సంకేతం సరిపోలికను చెడగొడతాయి.

5. పరిష్కార క్రమం:
మొదట పట్టికలోని వరుసల సంఖ్యను, తయారైన లేఖల సంఖ్యతో పోల్చాలి. తేడా ఉంటే గ్రహీతల జాబితాలో వడపోతను తొలగించి, ప్రతి పేరు పక్కన గుర్తు ఉన్నదో లేదో చూడాలి. అన్ని వరుసలూ తిరిగి వస్తే లోపం షరతులోనే ఉన్నట్టు. ‘సమానం’ బదులు ‘కలిగి ఉన్నది’ అనే షరతు పెడితే సిరిసిల్ల, రాజన్న సిరిసిల్ల రెండూ దొరుకుతాయి. పాత ఖతుల పాఠాన్ని ముందే యూనికోడ్‌లోకి మార్చాలి.

1972లో ప్రవేశపెట్టిన పిన్ ఇక్కడ మంచి ఆధారం. జగిత్యాల 505327, కోరుట్ల 505326, సిరిసిల్ల 505301. జిల్లాలు మారినా ఇవి మారలేదు. అయితే పిన్ తపాలా బట్వాడా పరిధిని సూచిస్తుంది గాని జిల్లా సరిహద్దును కాదు. కనుక సరిచూడడానికే దానిని వాడాలి. అంకెలన్నీ ఒకే తీరులో ఉండాలి. కొన్ని సంఖ్యలుగా, కొన్ని ‘505 327’ వంటి పాఠంగా ఉంటే విలీనంలో గడులు ఖాళీగా రావచ్చు.

6. ముగింపు:
• వడపోతలో కనబడని పేరు పట్టికలోంచి పోయినట్టు కాదు. అది వేరొక కాలపు రూపంలో నమోదై ఉండవచ్చు.
• పాత జిల్లా పేరును చెరపకుండా, కొత్త పేరుకు వేరొక నిలువు వరుస కేటాయించడం మేలు. చరిత్రా నిలుస్తుంది, లేఖా చేరుతుంది.
• క్షేత్రపర్యటన, సదస్సుల జాబితాలు నిర్వహించే పరిశోధకులకు స్థలనామ చరిత్రతో పరిచయం ఆచరణలోనూ అవసరం.